ఆసుపత్రిలో పిల్లల హక్కులు, సంరక్షకుల బాధ్యతలు: తరచూ అడిగే ప్రశ్నలు

పిల్లల ఆరోగ్యానికి సంబంధించిన హక్కులన్నీ ఒకే చట్టంలో దొరకవు. కొన్ని పార్లమెంటు చట్టాల్లో ఉన్నాయి, కొన్ని సుప్రీంకోర్టు తీర్పుల్లో ఉన్నాయి, మరికొన్ని ప్రభుత్వ పథకాల మార్గదర్శకాల్లో మాత్రమే ఉన్నాయి. కోర్టు ముందు ఈ మూడింటి బలం ఒకటి కాదు. అందుకే ఏ హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో వీలైనంత వరకు సమాధానంలోనే చెప్పాను.

ఈ సమాధానాల్లో ‘నవజాత శిశువు’ అంటే పుట్టిన నాటి నుంచి 28 రోజుల లోపు బిడ్డ. ‘శిశువు’ అంటే ఏడాది లోపు బిడ్డ. ‘పిల్లలు’ అంటే 18 ఏళ్లు నిండనివారు. ‘సంరక్షకులు’ అంటే తల్లి, తండ్రి లేదా చట్టం గుర్తించిన గార్డియన్. ‘లిఖితపూర్వక వినతి’ అంటే తేదీ, సమయం వేసి, ఆసుపత్రి బాధ్యుడికి ఇచ్చి, రెండో ప్రతిపై ముద్రతో సంతకం తీసుకున్న ఉత్తరం. రెండో ప్రతిపై సంతకం లేని ఉత్తరం ఈ సమాధానాల్లో లిఖితపూర్వక వినతి కింద లెక్కకు రాదు.

1. ప్రభుత్వ ఆసుపత్రిలో శిశువు చికిత్సకు డబ్బు కట్టాలా?

కట్టనవసరం లేదు. 2011 జూన్ 1న మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం మొదట పుట్టిన 30 రోజుల లోపు బిడ్డలకే వర్తించింది. తరువాత దాన్ని జబ్బుపడిన ప్రతి శిశువుకూ విస్తరించారు. చికిత్స, మందులు, సిరంజీల వంటి సామగ్రి, పరీక్షలు, రక్తం ఉచితం. ఇంటి నుంచి ఆసుపత్రికి, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి, తిరిగి ఇంటికి రవాణా కూడా ఉచితమే. ఆదాయ పరిమితి లేదు, రేషన్ కార్డు చూపాలన్న షరతూ లేదు. అయితే ఇది ప్రభుత్వ ఆసుపత్రులకు మాత్రమే వర్తిస్తుంది. మందులు బయట కొనమని చీటీ రాస్తే ఆ చీటీని, దుకాణం బిల్లును దాచి, మందు ఎందుకు లేదో సూపరింటెండెంటును లిఖితపూర్వక వినతితో అడగండి.

2. బిడ్డను చూపించడానికి, వీల్‌చైర్ తోయడానికి సిబ్బంది డబ్బు అడిగితే?

ఆనవాయితీ అని పేరు పెట్టినా అది లంచమే. ఇవ్వకుండా ఉండటం మొదటి మార్గం. నవజాత శిశువును ఎదురుగా పెట్టుకుని అడిగినప్పుడు అది అందరికీ సాధ్యం కాదని నాకు తెలుసు, చట్టానికీ తెలుసు. 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం ప్రకారం, బలవంతాన ఇవ్వవలసి వచ్చినవారు 7 రోజుల లోపు పోలీసులకో అవినీతి నిరోధక శాఖకో తెలియజేస్తే ఇచ్చినందుకు నేరస్థులు కారు. ఎనిమిదో రోజున ఈ రక్షణ ఉంటుందని చెప్పలేను.

3. అడ్వాన్సు కట్టలేదని ప్రైవేటు ఆసుపత్రి అత్యవసర స్థితిలో ఉన్న బిడ్డను తిప్పి పంపవచ్చా?

పంపకూడదు. ప్రభుత్వ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా ప్రాణం నిలిపే తక్షణ చికిత్స అందించి తీరాలని పరమానంద్ కటారా కేసులో 1989లో సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వ ఆసుపత్రి సకాలంలో అత్యవసర వైద్యం అందించకపోతే అది రాజ్యాంగం 21వ అధికరణం ఉల్లంఘన అని 1996లో పశ్చిమ్ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో తేల్చింది.

ఈ హక్కుకు హద్దు ఉంది. బిడ్డ స్థితిని స్థిరపరచేంత వరకే అది ప్రైవేటు ఆసుపత్రిని కట్టిపడేస్తుంది. ఆ తరువాతి చికిత్స మొత్తం ఉచితంగా చేయాలని ఈ తీర్పుల అర్థం కాదు. వసతి లేక వేరే చోటికి పంపితే ఏ చికిత్స చేశారో, ఎందుకు పంపుతున్నారో రాసిన రిఫరల్ చీటీ అడిగి తీసుకోండి. అది చేతికి రాకపోతే 108 అంబులెన్సు సిబ్బందికి ఆ ఆసుపత్రి పేరు, అక్కడికి వెళ్లిన సమయం చెప్పి, వారి రికార్డులో రాయించండి.

4. ‘అత్యవసరం’ అని సంరక్షకులు ఏ లక్షణాలను బట్టి చెప్పాలి?

‘బిడ్డ బాగాలేదు’ అంటే వరుసలో కూర్చోబెడతారు. లక్షణాన్ని పేరుపెట్టి, అంకెతో చెప్పండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం శ్వాస లెక్కపెట్టాలి. 2 నెలల లోపు నిమిషానికి 60 లేదా అంతకుమించి, 2 నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా అంతకుమించి, ఏడాది నుంచి 5 ఏళ్ల లోపు 40 లేదా అంతకుమించి ఉంటే అది వేగశ్వాస. ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోవడం, ఫిట్స్, ఏమీ తాగలేకపోవడం, తాగినదంతా కక్కేయడం, లేపినా లేవని మత్తు – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం పనికిరాదు.

నవజాత శిశువు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. శరీర ఉష్ణోగ్రత 37.5 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించినా, 35.5 కన్నా తగ్గినా ప్రమాదమే. పాలు తాగకపోవడం, తట్టితే గానీ కదలకపోవడం, పుట్టిన 24 గంటల లోపే పచ్చబడటం, అరచేతులు, అరికాళ్లు పచ్చబడటం కూడా ఇదే కోవలోకి వస్తాయి. పసరు మందుకో మంత్రానికో ఒక పూట ఆగి, ఆ తరువాత ఆసుపత్రి ఆలస్యం చేసిందని కేసు వేస్తే ఆ పూట లెక్క మీరే చెప్పవలసి వస్తుంది.

5. అంగీకార పత్రంపై ఎవరు సంతకం చేయాలి? తల్లి ఒక్కతే చేయవచ్చా?

చేయవచ్చు. 12 ఏళ్ల లోపు పిల్లల సమ్మతి చట్టం దృష్టిలో సమ్మతి కాదు. భారతీయ న్యాయ సంహిత 27, 28 సెక్షన్ల ప్రకారం వారి తరఫున సంరక్షకులు సమ్మతించాలి. 12 నుంచి 18 ఏళ్ల మధ్యవారి చికిత్సకు ప్రత్యేకంగా ఒక చట్టం లేదు. ఆచరణలో ఆసుపత్రులు సంరక్షకుల సంతకమే తీసుకుంటాయి. ఆ వయసు పిల్లలకు చికిత్స గురించి చెప్పి, వారి మాట కూడా వినడం మంచి పద్ధతి.

‘తండ్రి వస్తే గానీ ఆపరేషన్ చేయం’ అనే మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టంలో ‘తండ్రి, అతని తరువాత తల్లి’ అని ఉన్న మాటకు, తండ్రి మరణించిన తరువాతే అని అర్థం చెప్పనక్కర్లేదని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. తండ్రి అందుబాటులో లేకపోయినా, బాధ్యత పట్టించుకోకపోయినా తల్లి సహజ సంరక్షకురాలే. ఇది హిందూ చట్టం వర్తించేవారికి సంబంధించిన తీర్పు. ఇతరుల విషయంలో వారి వ్యక్తిగత చట్టం చూడాలి. అమ్మమ్మ, మేనమామ చట్టపరమైన గార్డియన్లు కారు. వారితో పిల్లలను పంపేటప్పుడు సంరక్షకులు సంతకం చేసిన అధికార పత్రం, ఫోన్ నంబరు ఇచ్చి పంపండి.

ప్రాణాపాయం ఉండి, సమ్మతి తీసుకునే వ్యవధి లేకపోతే, అదే సంహిత 30వ సెక్షన్ కింద వైద్యులు సమ్మతి లేకుండానే సద్బుద్ధితో చికిత్స చేయవచ్చు.

6. ఖాళీ ఫారం మీద సంతకం అడిగితే?

చేయకండి. జబ్బు ఏమిటి, చేయబోయేది ఏమిటి, ప్రత్యామ్నాయం ఉందా, ప్రధాన ప్రమాదాలు ఏమిటి, చికిత్స వద్దంటే ఏమవుతుంది – ఇవి చెప్పిన తరువాత ఇచ్చిన సమ్మతే చెల్లుబాటు అవుతుందని 2008లో సమీరా కోహ్లీ కేసు తీర్పు చెబుతోంది. పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు పనికిరాదు. ఫారం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి చెప్పమనండి. సంతకం పక్కన ‘తెలుగులో చదివి వినిపించారు’ అని, సమయం వేసి రాయండి. వినిపించకపోతే ఆ మాట రాయకండి.

7. నర్సు మందు ఇచ్చే ముందు సంరక్షకులు ఏమి అడగవచ్చు?

ఈ ప్రశ్న నన్ను అడిగేవారు తక్కువ. నా అభిప్రాయంలో మొదట అడగవలసిన ప్రశ్న ఇదే.

పెద్దలకు మందు మాత్రల లెక్కన ఇస్తారు. పిల్లలకు ఎక్కువ మందుల మోతాదును బరువును బట్టి కడతారు. 3 కిలోల శిశువు విషయంలో దశాంశ బిందువు ఒక స్థానం జరిగితే మోతాదు పది రెట్లు అవుతుంది. కాబట్టి చేర్చుకున్న రోజే బిడ్డను తూచి, బరువును కిలోల్లో కేస్ షీట్ పైభాగంలో రాశారో లేదో చూడండి. నర్సు మందు తెచ్చినప్పుడు అయిదు సంగతులు అడగవచ్చు: ఇది ఈ బిడ్డకేనా, మందు పేరేమిటి, మోతాదు ఎంత, నోటికా నరానికా, ఏ సమయానికి. బిడ్డ చేతి పట్టీపై పేరు సరిచూడమనండి. ఈ అయిదింటినీ తనకు తాను సరిచూసుకోవడం నర్సింగ్ విద్యలో మొదటి పాఠాల్లో ఒకటి, కాబట్టి అడిగితే నొచ్చుకోవలసిన పని లేదు. బిడ్డకు ఏదైనా మందు పడదని తెలిస్తే చెప్పి ఊరుకోకుండా కేస్ షీట్‌లో రాయించండి.

ఇది అతిజాగ్రత్త అనుకునేవారు స్ప్రింగ్ మెడోస్ హాస్పిటల్ కేసు తెలుసుకోవాలి. టైఫాయిడ్‌తో చేరిన బిడ్డకు క్లోరాంఫెనికాల్ రాస్తే, పేరు తప్పు చదివి క్లోరోక్విన్ తెప్పించి నరానికి ఎక్కించారు. బిడ్డ మెదడుకు కోలుకోలేని నష్టం జరిగింది. ఆ ఇంజెక్షన్ ఇచ్చిన ఆమె ఏ నర్సింగ్ కౌన్సిల్‌లోనూ నమోదై లేదని విచారణలో తేలింది. బిడ్డకు 12.5 లక్షల రూపాయలు, తల్లిదండ్రులకు విడిగా 5 లక్షలు ఇవ్వాలన్న జాతీయ వినియోగదారుల కమిషన్ ఆదేశాన్ని 1998లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. చికిత్స పొందిన బిడ్డతో పాటు డబ్బు చెల్లించిన తల్లిదండ్రులూ వినియోగదారులే అన్న సూత్రం ఈ తీర్పుతోనే స్థిరపడింది.

సూది పెట్టిన చోట వాచినా, ఎర్రబడినా వెంటనే చెప్పి, చెప్పిన సమయం మీ పుస్తకంలో రాసుకోండి. తాగిన పాలు, పోసిన మూత్రం లెక్క సంరక్షకులను రాయమంటే నిజమే రాయండి. సెలైన్ ఎంత ఎక్కించాలో వైద్యులు ఆ లెక్క చూసి కూడా నిర్ణయిస్తారు. నర్సులకూ ఒక మాట: రాత అర్థం కాని ఆర్డరును ఊహించి అమలు చేయడం విధేయత కింద రాదు. వైద్యుణ్ణి అడిగి, అడిగినట్టు నోట్సులో రాయడమే మీకు రక్షణ.

8. నవజాత శిశువు ప్రత్యేక వార్డులో ఉంటే తల్లిని లోపలికి రానివ్వకపోవచ్చా?

జిల్లా స్థాయి ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ప్రత్యేక నవజాత శిశు సంరక్షణ విభాగాల్లో 1,800 గ్రాముల కన్నా తక్కువ బరువున్న లేదా 34 వారాలు నిండక ముందే పుట్టిన బిడ్డలను, తీవ్రంగా జబ్బుపడిన నవజాత శిశువులను చేర్చుకుంటారు. ఈ విభాగాల్లో తల్లినీ తండ్రినీ సంరక్షణలో భాగస్వాములను చేయాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది. చేతులు కడుక్కోవడం, గౌను వేసుకోవడం నేర్పి లోపలికి అనుమతించాలి. పిండిన పాలు పట్టడం, గుండెలకు హత్తుకుని వెచ్చగా ఉంచే కంగారూ పద్ధతి నర్సులు నేర్పాలి. ఇది మార్గదర్శకమే గానీ చట్టం కాదు. సంరక్షకులకు జలుబు, జ్వరం ఉన్నప్పుడు, మరో బిడ్డకు అత్యవసర చికిత్స జరుగుతున్నప్పుడు ఆపే అధికారం సిబ్బందికి ఉంది. కారణం లేకుండా రోజుల తరబడి ఆపితే లిఖితపూర్వక వినతి ఇవ్వండి.

9. ఆసుపత్రిలోనే ఫలానా కంపెనీ పాలపొడి కొనమంటే?

1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం, 2003 సవరణతో, 2 ఏళ్ల లోపు పిల్లలకు ఉద్దేశించిన పాలపొడి, డబ్బా ఆహారాల ప్రకటనలను నిషేధించింది. ఉచిత నమూనాలు పంచడం, ఆసుపత్రిలో పోస్టర్లు పెట్టడం, సిబ్బందికి కమీషన్లు, కానుకలు ఇవ్వడం నేరాలు. వైద్య కారణంతో వైద్యులు పాలపొడి సూచించడం మాత్రం నేరం కాదు. ఆ కారణాన్ని కేస్ షీట్‌లో రాయమనండి. పుట్టిన గంటలోపు తల్లిపాలు, 6 నెలలు నిండే దాకా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దు అన్నది జాతీయ విధానం. తేనె నాకించడం, చక్కెర నీళ్లు పట్టడం దానికి విరుద్ధం.

10. ఇంటికి వచ్చాక నవజాత శిశువును ఎవరు చూస్తారు?

ఆశా కార్యకర్త. ఆసుపత్రి కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో, ఇంటి కాన్పు అయితే అదనంగా మొదటి రోజున రావాలి. బరువు తూచి, ఉష్ణోగ్రత చూసి కార్డులో నమోదు చేయాలి. పుట్టింట్లో ఉన్న తల్లి అత్తగారి ఊరి ఆశా జాబితాలో ఉండిపోయి ఎవరూ రాకపోవడం మన దగ్గర మామూలే. ఊరు మారగానే అక్కడి ఏఎన్‌ఎంకు తల్లీ బిడ్డల రక్షణ కార్డు చూపి పేరు రాయించండి.

11. టీకాల గడువులు ఏమిటి? తప్పిపోతే?

హెపటైటిస్-బి మొదటి మోతాదు 24 గంటల లోపు, పోలియో చుక్కల తొలి మోతాదు 15 రోజుల లోపు పడాలి. ఈ రెండూ గడువు దాటితే ఆ మోతాదులు ఇక లేనట్టే. బీసీజీ పుట్టగానే వేయాలి, తప్పితే ఏడాది లోపు వేయవచ్చు. పెంటావాలెంట్ 6, 10, 14 వారాలకు వేస్తారు. మొదటి మోతాదు ఏడాది లోపు పడితేనే మిగిలినవి కొనసాగుతాయి. తట్టు-రుబెల్లా టీకా 9 నెలలు నిండాక ఒకటి, 16–24 నెలల మధ్య ఒకటి. ఒక మోతాదు ఆలస్యమైతే మళ్లీ మొదటి నుంచి వేయనక్కర్లేదు, ఆగిన చోటి నుంచి కొనసాగిస్తారు. స్వల్ప జలుబు, విరేచనాలు ఉన్నాయని టీకా వాయిదా వేయనవసరం లేదు.

టీకా తరువాత అరగంట కేంద్రంలోనే ఉండండి. ఆ తరువాత తీవ్ర లక్షణం కనిపిస్తే బిడ్డను ఆసుపత్రికి చేర్చి, ఏఎన్‌ఎంకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారికి వెంటనే తెలపండి. టీకా బ్యాచ్ నంబరు కేంద్రం రికార్డులో ఉంటుంది.

12. టీకా వేయించడం చట్టప్రకారం తప్పనిసరా?

బలవంతంగా సూది వేయరాదని 2022లో జాకబ్ పులియెల్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. అది కోవిడ్ టీకా సందర్భం. ప్రజారోగ్యం కోసం సహేతుకమైన పరిమితులు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉందని కూడా అదే తీర్పులో ఉంది. ఈ తీర్పును ఆసరాగా తీసుకుని బిడ్డకు టీకాలు మానిపించమని నేనెవరికీ సలహా ఇవ్వను.

13. దుకాణంలో మందు కొనేటప్పుడు ఏ నిబంధనలు గుర్తుంచుకోవాలి?

నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపు పిల్లలకు వాడటాన్ని 2011లోనే నిషేధించారు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబు మందును 4 ఏళ్ల లోపు పిల్లలకు వాడరాదని లేబుల్‌పై హెచ్చరిక ఉండాలని 2023లో ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. దగ్గు మందులు 2 ఏళ్ల లోపు పిల్లలకు ఇవ్వరాదని, 5 ఏళ్ల లోపు సాధారణంగా వద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ సూచించింది. ఇది సూచన, నిషేధం కాదు. అదే నెలలో ఆహార భద్రతా సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపోని తీపి పానీయాల పేరులో ‘ఓఆర్ఎస్’ అన్న మాట వాడరాదని ఆదేశించింది. ఈ ఆదేశం వెనుక హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. విరేచనాలకు ఓఆర్ఎస్ కొంటే లీటరుకు సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు అని పొట్లంపై ఉందో లేదో చూడండి. ఏ మందుకైనా బిల్లు తీసుకోండి. బిల్లు లేకపోతే ఆ మందు ఆ దుకాణంలో కొన్నట్టు నిరూపించడం కష్టం.

14. జనన నమోదుకు గడువు ఎంత?

21 రోజులు. ఆసుపత్రిలో పుడితే సమాచారం పంపే బాధ్యత ఆసుపత్రిదే, ఇంట్లో పుడితే ఇంటి పెద్దది. 21 దాటి 30 రోజుల లోపు అయితే ఆలస్య రుసుముతో, 30 రోజులు దాటి ఏడాది లోపు అయితే జిల్లా రిజిస్ట్రారు లిఖిత అనుమతితో, ఏడాది దాటితే జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు లేదా అధికారం పొందిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఉత్తర్వుతో నమోదు చేస్తారు. నమోదైన 7 రోజుల లోపు సమాచారం ఇచ్చినవారికి ధ్రువపత్రం ఉచితంగా ఇవ్వాలి.

రెండు సంగతులు మరవకండి. నమోదు జరిగేది బిడ్డ పుట్టిన ఊళ్లో, మీ కాపురం ఉన్న ఊళ్లో కాదు. పేరు లేకుండా నమోదైన బిడ్డకు 12 నెలల లోపు ఉచితంగా, ఆ తరువాత 15 ఏళ్ల వరకు రుసుముతో పేరు చేర్చవచ్చు. 2023 అక్టోబరు 1న లేదా తరువాత పుట్టినవారికి బడిలో చేరడం వంటి పనుల్లో పుట్టిన తేదీకి ఈ ధ్రువపత్రమే రుజువు.

15. పుట్టుకతో లోపం ఉందని తెలిస్తే?

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. దీని కింద అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడుల పిల్లలను ఏడాదికి ఒకసారి సంచార వైద్య బృందం పరీక్షించాలి. గ్రహణమొర్రి, వంకర పాదాలు, గుండె లోపాలు, వినికిడి లోపం, ఎదుగుదలలో ఆలస్యం ఇందులో ఉన్నాయి. బృందం రాసిన రిఫరల్ కార్డుతో జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి వెళ్లండి. ఆపరేషన్ అవసరమైతే తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద అర్హత ఉందా అన్నది చేరే ముందే ఆ ఆసుపత్రి ఆరోగ్యమిత్ర వద్ద తేల్చుకోండి. ముందు డబ్బు కట్టి తరువాత తిరిగి ఇమ్మనడం చాలా కష్టం.

16. కేస్ షీట్ ప్రతి ఎప్పుడు, ఎలా అడగాలి?

వైద్యుల వృత్తి నియమావళి 2002 ప్రకారం, అడిగిన 72 గంటల లోపు రికార్డు ఇవ్వాలి. చికిత్స మొదలైన నాటి నుంచి 3 ఏళ్లు ఇన్‌పేషెంట్ రికార్డు భద్రపరచాలి. లిఖితపూర్వక వినతిలో ‘రికార్డు ఇవ్వండి’ అని ఒక్క ముక్క రాస్తే డిశ్చార్జి సమ్మరీ చేతిలో పెడతారు. కేస్ షీట్, నర్సుల నోట్సు, మందుల చార్టు, అంగీకార పత్రాలు, పరీక్షల ఫలితాలు, బిల్లు వివరాలు అని విడివిడిగా రాయండి. జిరాక్సు ఖర్చు కట్టవలసి రావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రి ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల్లో, ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో జవాబు రావాలి.

17. బిల్లు బాకీ ఉందని బిడ్డను ఆపి ఉంచవచ్చా?

జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రం ప్రకారం బాకీ పేరుతో రోగిని గానీ, మృతదేహాన్ని గానీ ఆపరాదు. ఆ పత్రం చట్టం కాదు, కానీ మనిషిని నిర్బంధించడం వేరే నేరం. బాకీ వసూలుకు ఆసుపత్రి సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు. అయితే సంరక్షకులు వైద్య సలహాకు విరుద్ధంగా బిడ్డను తీసుకుపోతున్నట్టు సంతకం చేస్తే తరువాత కేసు బలహీనపడుతుంది. డబ్బు లేక వెళుతుంటే ఆ కారణమే రాయండి.

18. బిడ్డపై లైంగిక దాడి జరిగిందన్న అనుమానం ఉంటే ముందు పోలీసు స్టేషనా, ఆసుపత్రా?

ఆసుపత్రి. ఎఫ్‌ఐఆర్ లేదని, పోలీసు ఉత్తరం లేదని ఏ ఆసుపత్రీ చికిత్స నిరాకరించరాదు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 397వ సెక్షన్ కింద ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ ఉచితంగా తక్షణ చికిత్స చేసి పోలీసులకు తెలపాలి. నిరాకరిస్తే బాధ్యుడికి ఏడాది వరకు జైలు. ఆడపిల్లను మహిళా వైద్యురాలే పరీక్షించాలి. సంరక్షకులో, బిడ్డ నమ్మే మనిషో పక్కన ఉండాలి. ఎవరూ లేకపోతే ఆసుపత్రి అధిపతి ఒక మహిళను నియమించాలి. పరీక్షకు ముందు స్నానం చేయించకండి, బట్టలు ఉతకకండి.

విషయం తెలిసినవారు ఎవరైనా, వైద్యులు, నర్సులు సహా, పోలీసులకు తెలపడం లైంగిక నేరాల నుంచి పిల్లల రక్షణ చట్టం (పోక్సో) 19వ సెక్షన్ కింద విధి. తెలపకపోతే 6 నెలల వరకు జైలు. పరువు కారణంగా ఊరుకున్నామన్నది చట్టం ముందు జవాబు కాదు.

19. బిడ్డను పెంచలేని స్థితిలో ఉన్న తల్లి ఏమి చేయాలి?

బాలల న్యాయ చట్టం 2015, 35వ సెక్షన్ కింద బాలల సంక్షేమ కమిటీ ముందు బిడ్డను అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి 2 నెలల గడువు ఉంటుంది. నర్సింగ్ హోం మధ్యవర్తి ద్వారా పిల్లలు లేనివారికి ఇచ్చి ‘ఖర్చులు’ తీసుకోవడం దత్తత కాదు, అమ్మకం. అందులో ఆసుపత్రి ఉద్యోగికి 3 నుంచి 7 ఏళ్ల జైలు శిక్ష ఉంది. దిక్కులేని నవజాత శిశువు కనిపిస్తే 24 గంటల లోపు బాలల సహాయ నంబరు 1098కి, పోలీసులకు లేదా కమిటీకి తెలపాలి.

20. వైద్య నిర్లక్ష్యంపై ఎక్కడ, ఎంత కాలంలో ఫిర్యాదు చేయాలి?

డబ్బు చెల్లించిన చికిత్స అయితే వినియోగదారుల కమిషన్‌కు, 2 ఏళ్ల లోపు. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్, 5 లక్షల లోపు అయితే ఫిర్యాదు రుసుము లేదు. బిడ్డ మైనరు కాబట్టి గడువు ఆగి ఉంటుందన్న ధీమాతో కూర్చోకండి, 2 ఏళ్లనే గడువుగా లెక్కించండి. అందరికీ పూర్తిగా ఉచితంగా సేవ చేసే ఆసుపత్రి 1995 నాటి వి.పి. శాంత తీర్పు ప్రకారం ఈ చట్టం పరిధిలోకి రాదు. అలాంటప్పుడు సివిల్ దావా, హైకోర్టులో రిట్ మార్గాలు ఉన్నాయి. ఆసుపత్రి సేవలు శాశ్వత లోక్ అదాలత్ పరిధిలోకీ వస్తాయి, కానీ ఏ కోర్టుకూ వెళ్లక ముందే అక్కడికి వెళ్లాలి.

వైద్యుడి ప్రవర్తనపై రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు, నర్సు విషయంలో రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌కు వేరుగా రాయవచ్చు. క్రిమినల్ కేసుకు మామూలు పొరపాటు చాలదు. తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని, దానికి మరో వైద్యుడి నిష్పాక్షిక అభిప్రాయం కావాలని 2005లో జాకబ్ మాథ్యూ తీర్పు చెప్పింది. చికిత్స ఫలించకపోవడం, నిర్లక్ష్యం ఒకటి కావు. ఆసుపత్రిపై దాడి చేస్తే మీ కేసు అక్కడికక్కడే దెబ్బతింటుంది.

21. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే?

న్యాయ సేవల ప్రాధికార చట్టం 1987, 12వ సెక్షన్ కింద స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. దరఖాస్తును తల్లి పేరుతో గానీ, బిడ్డ తరఫున గానీ మండల లేదా జిల్లా న్యాయ సేవల సంస్థకు ఇవ్వండి. ఫోన్ నంబరు 15100.